తేదీ వేరు, క్షణం వేరు

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వలసలు దశాబ్దాలుగా సాగుతున్నందువల్ల, ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని ఎన్నో కుటుంబాలకు టికెట్లు, వీసా దరఖాస్తులు, డబ్బు పంపకాలు అన్నీ వెబ్‌సైట్ల ద్వారానే నడుస్తున్నాయి. దుబాయి గడియారం మన గడియారం కంటే గంటన్నర, సౌదీ, కువైట్ గడియారాలు రెండున్నర గంటలు వెనుక ఉంటాయి కాబట్టి, జగిత్యాలలో 3వ తేదీ రాత్రి ఒంటిగంటకు అందిన సొమ్ము దుబాయి లెక్కలో 2వ తేదీ రాత్రి 11:30కు అందినట్టవుతుంది. రెండు లెక్కలూ నిజమే, ఎక్కడి సమయమో రాయని నమోదు మాత్రం అసంపూర్ణం.

అందుకే జరిగిపోయిన లావాదేవీల క్షణాన్ని ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రామాణిక సమయమైన యూటీసీలో భద్రపరచి, చూసేవారి ప్రాంతాన్ని బట్టి తెరపై మార్చి చూపడం సరైన పద్ధతి. గడియారం చూపే సమయం సూర్యుడు ఇచ్చినది కాదు, ప్రభుత్వాలు నిర్ణయించినది: 1906లో అమలులోకి వచ్చిన భారత ప్రామాణిక సమయానికి ఆధారం కాకినాడకు సమీపంగా పోయే 82½ డిగ్రీల రేఖాంశం కాగా, దానికి పడమరనున్న కరీంనగర్‌లో సూర్యుడు నడినెత్తికి రావడం సగటున సుమారు 13 నిమిషాలు ఆలస్యమవుతుంది. యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు వరకు, బ్రిటిష్ ఇండియాలో గడియారాలను గంట ముందుకు జరిపారు. ఇలాంటి మార్పులన్నిటినీ నమోదు చేసే అంతర్జాతీయ టైమ్‌జోన్ పట్టిక ఉన్నందున, కోడ్‌లో ‘ఐదున్నర గంటలు’ అని అంకె రాయడం కన్నా ‘ఆసియా/కోల్‌కతా’ అని ప్రాంతం పేరు రాయడం మేలు. వేసవిలో గడియారం మార్చే అమెరికాలోని బంధువులతో రాబోయే నెలల సమావేశాలు కుదుర్చుకునే చోట ఇది మరీ అవసరం.

పుట్టిన తేదీ విషయంలో మాత్రం యూటీసీ మందే రోగమవుతుంది. పుట్టిన తేదీ ఒక రోజే తప్ప క్షణం కాదు. 1985 జూన్ 2 అని నింపిన తేదీని బ్రౌజర్‌లోని ప్రోగ్రాం ఆ రోజు భారత అర్ధరాత్రిగా భావించి యూటీసీలోకి మార్చితే అది జూన్ 1 సాయంత్రం 6:30 అవుతుంది. అందులోంచి తేదీని మాత్రమే కత్తిరించి డేటాబేస్‌లో దాచితే, పాస్‌పోర్టులో జూన్ 2, దరఖాస్తులో జూన్ 1 మిగిలి, అప్పు చేసి టికెట్ కొన్న కార్మికుడి ప్రయాణమే ఆగిపోయే ప్రమాదం ఉంది. పుట్టిన రోజు, భూమి రిజిస్ట్రేషన్ తేదీ వంటివాటిని సంవత్సరం, నెల, రోజుగా, గంటలు తగిలించకుండానే భద్రపరచాలి.

భారతదేశంలో అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 వరకు యూటీసీ ఇంకా నిన్నటి తేదీలోనే ఉంటుంది. పగటి పనివేళల్లో బయటపడని తప్పులు ఆ ఐదున్నర గంటల్లోనే బయటపడతాయి కనుక, ప్రోగ్రాం రాసేవారు తమ పరీక్షలను ఆ వేళలతో తప్పక జరపాలి.