చేతులు మారిన తాజ్‌మహల్

చీరాల నుంచి వాడరేవు వెళ్లే దారిలో రిసార్టులు పెరిగేకొద్దీ టీకొట్ల దగ్గర ఒక మాట వినిపిస్తూ ఉంటుంది: గోవాలోలాగా ఇక్కడా ఒక కాసినో పడితే ఈ ఊరి దశ తిరిగిపోతుందని. 1974 నాటి గేమింగ్ చట్టం ఉన్నంతకాలం రాష్ట్రంలో అది జరిగే పని కాదు. అయినా ఆ ఆశ సంగతేమిటో చూడాలి. కాసినోలతో బాగుపడదామనుకున్న సముద్రపు ఒడ్డు పట్నం ఒకటుంది. న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన అమ్మానాన్నల్లో చాలామంది దాన్ని చూసే ఉంటారు. ఎడిసన్ నుంచి రెండు గంటల ప్రయాణం. పేరు అట్లాంటిక్ సిటీ.

పాతబడి, వెలవెలబోతున్న ఆ పట్నంలో జూదానికి 1976లో ఓటర్లే తలూపారు. 1978లో మొదటి కాసినో తెరిచిన రిసార్ట్స్ ఇంటర్నేషనల్ సంస్థే, మరో అయిదేళ్లకు ఇంకా పెద్దది మొదలుపెట్టింది. దాని పేరు తాజ్‌మహల్! గుమ్మటాలు, మినార్లు, వాకిట్లో రాతి ఏనుగులు. ఆగ్రాను ఎన్నడూ చూడనివాడు కలగన్నట్టు ఉండేది. కట్టడం సాగుతుండగానే 1986లో సంస్థ అధిపతి జేమ్స్ క్రాస్బీ చనిపోయాడు. మరుసటి ఏడు సంస్థ పగ్గాలు డొనాల్డ్ ట్రంప్ చేతికి వచ్చాయి. టీవీ ప్రముఖుడు మెర్వ్ గ్రిఫిన్ పోటీకి దిగాడు. చివరికి పంపకం జరిగింది: రిసార్ట్స్ గ్రిఫిన్‌కు, సగంలో ఉన్న తాజ్ ట్రంప్‌కు.

అసలు కథ ఇక్కడుంది. తాజ్‌ను పూర్తి చేయడానికి ట్రంప్ 67.5 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మాడు. వడ్డీ ఏడాదికి 14 శాతం. మన లెక్కలో నూటికి నెలకు రూపాయి పదిహేడు పైసలు. రెండు రూపాయల వడ్డీకి అలవాటుపడిన మిర్చి రైతుకు ఇది చవకే అనిపిస్తుంది. కానీ అసలు ఎంతో చూడండి. ఒక్క వడ్డీకే రోజుకు సుమారు రెండు లక్షల అరవై వేల డాలర్లు కావాలి. జీతాలు, కరెంటు, మిగతా ఖర్చులు దీనికి అదనం.

మార్విన్ రోఫ్‌మన్ అనే విశ్లేషకుడు 1990 మార్చిలోనే ఈ గుట్టు బయటపెట్టాడు. రోజుకు 13 లక్షల డాలర్లు వస్తే తప్ప గట్టెక్కదని, చలికాలం మొదలైతే అది సాధ్యం కాదని పత్రికకు చెప్పాడు. ట్రంప్ దావా వేస్తానని బెదిరించాడు. రోఫ్‌మన్ ఉద్యోగం పోయింది. ఏప్రిల్ 2న తాజ్ తెరుచుకుంది, మైకేల్ జాక్సన్ కూడా వచ్చాడు. 1991 జులైలో అది దివాలా కోర్టు మెట్లెక్కింది. ట్రంప్ సగం వాటాను బాండ్లు కొన్నవాళ్లకు వదులుకున్నాడు. ఈలోగా, గుమ్మటాలు బిగించిన చిన్న చిన్న కాంట్రాక్టర్లు తమ బాకీల కోసం తిరిగి తిరిగి, చాలామంది ఇచ్చినంత పుచ్చుకుని సరిపెట్టుకున్నారు. నన్నడిగితే దివాలా అంటే వాళ్లదే.

కాసినోలో ఆడేవాడు ఓడతాడు, నడిపేవాడు గెలుస్తాడని లోకమంతా నమ్ముతుంది. తాజ్‌లో నడిపేవాళ్లే వరసగా ఓడారు. ట్రంప్ పేరున్న మాతృసంస్థ 2004లో, 2009లో, 2014లో దివాలా పిటిషన్లు వేసింది. పక్కనున్న పెన్సిల్వేనియాలో 2006 నుంచి కాసినోలు వచ్చాక అట్లాంటిక్ సిటీకి బస్సులెక్కి వచ్చే జనం తగ్గారు. ఒక్క 2014లోనే ఆ పట్నంలో నాలుగు కాసినోలు మూతపడ్డాయి. 2016లో తాజ్ పెట్టుబడిదారు కార్ల్ ఐకాన్ పాలైంది. దివాలా పేరిట ఎత్తేసిన ఆరోగ్య బీమాను తిరిగి ఇమ్మని వంటవాళ్లు, గదులు ఊడ్చే ఆడవాళ్లు జులైలో సమ్మెకు దిగారు. ఐకాన్ మెట్టు దిగలేదు. అక్టోబర్ 10న తలుపులు మూసేశాడు. దాదాపు మూడు వేల మంది రోడ్డున పడ్డారు.

2017లో హార్డ్ రాక్ సంస్థ, ఇద్దరు స్థానిక భాగస్వాములతో కలిసి దాన్ని కొనుక్కుంది, కేవలం అయిదు కోట్ల డాలర్లకు! హార్డ్ రాక్ యజమానులు ఎవరనుకున్నారు? ఒకప్పుడు అమెరికా సైన్యం తరిమి తరిమి కొట్టిన ఫ్లోరిడా సెమినోల్ తెగవాళ్లు. పరుపులు, దీపాల గుత్తులతో సహా పాత సామానంతా అమ్మేశారు, గుమ్మటాలు తీసేశారు. మరో యాభై కోట్ల డాలర్లకు పైగా పెట్టి 2018 జూన్‌లో కొత్త పేరుతో తెరిచారు. ఇప్పటికీ బాగానే నడుస్తోంది. పాత అప్పులు నెత్తినెత్తుకోకుండా, చవగ్గా కొన్నవాడికే అది అచ్చొచ్చింది.

మన తీరానికీ ఆశలు కొత్త కాదు. 2008లో గల్ఫ్‌లోని రస్ అల్ ఖైమాతో ఒప్పందం కుదిరిందని, వాన్‌పిక్ పేరుతో వాడరేవు, నిజాంపట్నాల్లో రేవులొస్తాయని అన్నారు. వేల ఎకరాలు చేతులు మారాయి. అది కాస్తా సీబీఐ కేసులో చిక్కుకుంది, ఆ రేవులు రాలేదు. అదే రస్ అల్ ఖైమాలో ఇప్పుడు విన్ సంస్థ కాసినో హోటల్ కడుతోంది, 2027లో తెరుస్తామంటోంది.

రేపు వాడరేవుకు ఎవరైనా పెద్ద హోటల్ బొమ్మ పట్టుకొస్తే, ఎన్ని అంతస్తులని తర్వాత అడగండి. అప్పెంత, వడ్డీ ఎంత, భూమి ఎవరి పేరున ఉంటుంది, మునిగితే పనివాళ్ల బాకీ ఎవరు తీరుస్తారు, ఇవి ముందు అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి.