ఔషధ మొక్కల సారాలు, ప్రయోగ జంతువుల సంతానోత్పత్తి: గాసిపోల్ ఆధారంగా ఒక పరిశీలన

ఔషధ మొక్కల సారాలను ప్రయోగ జంతువులకు ఇచ్చి, వాటి సంతానోత్పత్తిలో కలిగే మార్పులను పరిశీలించే పరిశోధనలు మన జంతుశాస్త్ర విభాగాలలో దశాబ్దాలుగా సాగుతున్నాయి. వేప, మందార, గురివింద, బొప్పాయి మొదలైనవన్నీ ఈ పరీక్షకు గురైన మొక్కలే. ఈ వ్యాసాలు సాధారణంగా శుక్రకణాల సంఖ్య తగ్గిందనో, గర్భాశయంలో పిండం నాటుకోలేదనో తేల్చి ముగుస్తాయి. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. సారం దెబ్బతీసినది సంతానోత్పత్తిని మాత్రమేనా, లేక జంతువు మొత్తం ఆరోగ్యాన్నా? ఈ భేదాన్ని గుర్తించడం ఎంత కష్టమో పత్తి గింజలోని గాసిపోల్ చరిత్ర తెలియజేస్తుంది.

గాసిపోల్ పత్తి మొక్కలోని వర్ణక గ్రంథులలో ఉండే పసుపు రంగు పాలీఫినాల్. చైనాలో శుద్ధి చేయని పత్తి గింజల నూనెను వంటకు వాడిన గ్రామాలలో సంతానలేమి అధికంగా ఉండడాన్ని 1950ల దశకంలో గమనించారు. కారణం నూనెలోని గాసిపోల్ అని తరువాత తేలింది. 1970లలో దీనిని పురుషుల గర్భనిరోధక మాత్రగా ఎనిమిది వేలకు పైగా వ్యక్తులపై పరీక్షించారు. తొలి దశలో రోజుకు 20 మిల్లీగ్రాములు ఇవ్వగా, అత్యధికులలో శుక్రకణాల సంఖ్య గర్భధారణకు చాలని స్థాయికి పడిపోయింది. గర్భనిరోధకంగా ఇది విజయమే. కాని కొందరిలో రక్తంలోని పొటాషియం తగ్గి కండరాలు బలహీనపడ్డాయి. మరికొందరిలో మందు మానిన తరువాత కూడా శుక్రకణోత్పత్తి తిరిగి మొదలు కాలేదు. ఈ రెండు లోపాలే ఆ మాత్రను విడుదల కాకుండా ఆపాయి.

ప్రయోగ జంతువులలో కనిపించిన తేడాలు మరింత ఆలోచింపజేస్తాయి. హామ్‌స్టర్లలో గాసిపోల్ సంతానోత్పత్తిని తీవ్రంగా అణచివేస్తుంది. తెల్ల ఎలుకలలోనూ పనిచేస్తుంది, కాని అందుకు మోతాదు పెరగాలి. కుందేళ్ళలో ఆ ప్రభావం దాదాపు లేదు. కుందేలును మాత్రమే ఎంచుకున్న పరిశోధకుడు ఈ పదార్థాన్ని నిష్ఫలమని తోసిపుచ్చి ఉండేవాడు. (తెలుగు నేలపై గేదెలకు పత్తి గింజల చెక్క పెట్టడం పాత అలవాటే. నెమరువేసే జంతువుల మొదటి పొట్టలో గాసిపోల్‌లో కొంత భాగం ప్రొటీన్లతో బంధించబడి నిర్వీర్యమవుతుంది. పందులకు, కోళ్ళకు ఆ రక్షణ లేదు.) పైగా గాసిపోల్ అణువు దర్పణ ప్రతిబింబాల వంటి రెండు రూపాలలో ఉంటుంది. సంతాన నిరోధక శక్తి ప్రధానంగా వామావర్త రూపానిదే. రెండింటి నిష్పత్తి పత్తి జాతిని బట్టి మారుతుంది. కనుక సారంలో ఏ రసాయనం ఎంత ఉన్నదో కొలవకుండా మొక్క పేరు మాత్రమే చెప్పిన ఫలితాన్ని మరొక ప్రయోగశాల పునరావృతం చేయడం కష్టం.

కాలవ్యవధి మరొక చిక్కు. తెల్ల ఎలుక వృషణంలో శుక్రకణం రూపొందడానికి సుమారు 50 రోజులు, ఎపిడిడిమిస్‌ను దాటడానికి మరో వారం పైబడి పడుతుంది. 15 రోజుల ప్రయోగంలో ఎపిడిడిమిస్‌లోని శుక్రకణాల చలనం మందగిస్తే, అది తొలి దశ కణాలపై సారం చూపిన ప్రభావానికి సాక్ష్యం కాదు. అప్పటికే రూపొందిన కణాలు దెబ్బతిన్నాయని మాత్రమే అనుకోవచ్చు. మోతాదు పెంచితే మేత తగ్గుతుంది, మేత తగ్గితే పునరుత్పత్తి అవయవాల బరువు కూడా తగ్గవచ్చు. అందువల్ల ద్రావణిని మాత్రమే ఇచ్చే నియంత్రణ సమూహంతో పాటు, అంతే తక్కువ మేత పెట్టిన మరొక సమూహం అవసరం. ఈ రెండవ సమూహం లేని వ్యాసాలే ఎక్కువ.

ఎలుక విషయంలో ఒక విశేషాన్ని కూడా గమనించాలి. గర్భధారణకు అవసరమైన దానికంటే ఎన్నో రెట్లు అధికంగా అది శుక్రకణాలను తయారు చేస్తుంది. లెక్క బాగా తగ్గినా మగ ఎలుక పిల్లలను కనగలదు. కనుక శుక్రకణాల లెక్క సంయోగ పరీక్షకు ప్రత్యామ్నాయం కాజాలదు. ఆడ ఎలుకలలో పిండం నాటుకోకపోవడానికి సారంలోని ఈస్ట్రోజెన్ తరహా గుణమే కారణం కావచ్చు. అండాశయాలు తొలగించిన ఎలుకలలో గర్భాశయపు బరువు పెరుగుతుందేమో చూస్తే అది బయటపడుతుంది.

ఇక ద్రావణి సంగతి. సంప్రదాయ వైద్యం వాడేది ప్రధానంగా నీటి కషాయం. ప్రయోగశాల తరచుగా బెంజీన్, క్లోరోఫాం, ఆల్కహాల్ సారాలను వాడుతుంది. నీటిలో కరగని పదార్థాలు వీటిలోకి దిగుతాయి. ఆ ఫలితాన్ని చూపి ప్రాచీన వాడుక రుజువైందనడం తొందరపాటు.

జైపూర్‌లోని రాజస్థాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బొప్పాయి గింజలపై చేసిన కృషి ఇందుకు భిన్నమైన మార్గంలో నడిచింది. ఎలుకలతో ఆగకుండా వారు కొండముచ్చులకు క్లోరోఫాం సారాన్ని కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 360 రోజులు ఇచ్చారు. సుమారు 90 రోజుల తరువాత వీర్యంలో శుక్రకణాలు కనిపించలేదు. సారం ఆపిన 150 రోజులకు సాధారణ స్థితి తిరిగి వచ్చింది. మందు ఆపిన తరువాత కూడా ఆ జంతువులను ఐదు నెలలు పోషించి పరీక్షించినందువల్లనే ఈ చివరి ఫలితం తెలిసింది.