పడవలో పుట్టిన కథ

"ఈ పుస్తకం చదువు, భలేగా ఉంటుంది" అని స్నేహితులు చెబుతారు. తీరా చూస్తే పిల్లల కథ. కుందేలు కోటు తొడుక్కుంటుంది. పిల్లి నవ్వుతుంది. ఇది పెద్దవాళ్లకెందుకులే అని పక్కన పెట్టేస్తారు. ఏళ్లు గడుస్తాయి. ఒకరోజు ఊరికే తెరిస్తే కింద పెట్టబుద్ధి కాదు. ఆలిస్ కథ అలాంటిదే. అదెలా పుట్టిందో తెలుసా?

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పెద్ద చదువుల ఊరు. అక్కడ డాడ్జ్‌సన్ అనే లెక్కల మాస్టారు ఉండేవారు. ఆయనకు నత్తి. 1862 జులై 4న ఆయన, ఒక స్నేహితుడు కలిసి ముగ్గురు అక్కచెల్లెళ్లను పడవలో షికారుకు తీసుకెళ్లారు. నడిమి పిల్ల ఆలిస్. పదేళ్లది. కథ చెప్పమని పిల్లలు పట్టుబట్టారు. మాస్టారు అప్పటికప్పుడు అల్లి చెప్పారు.

కథలో పిల్ల పేరు కూడా ఆలిసే. గడియారం చూసుకుంటూ పరుగెత్తే కుందేలు వెనకాలే వెళ్లి బొరియలో పడిపోతుంది. కింద ఓ వింత లోకం. ఒకటి తాగితే జానెడు అయిపోతుంది. ఇంకొకటి తింటే తల పైకప్పుకు తగులుతుంది! అక్కడి రాణి పేకముక్క. అయినదానికీ కానిదానికీ తలలు తీసెయ్యమంటుంది. ఎవరి తలా పోదు. అందరివీ అడ్డదిడ్డం మాటలే. పెద్దవాళ్ల మాటలు పిల్లలకు అచ్చం అలాగే వినిపిస్తాయి కాబోలు.

నోటి కథ నీటి మీద రాత. మాస్టారు అంతకు ముందు చెప్పిన కథలెన్నో అలాగే పోయాయి. ఇదీ పోయేదే. కానీ ఆలిస్ ఊరుకోలేదు. రాసి ఇమ్మని అడిగింది.

మాస్టారు రాయడం మొదలుపెట్టారు. ఆ కాగితాలు స్నేహితుడు మాక్‌డొనాల్డ్ ఇంటికి వెళ్లాయి. ఆయనా కథలు రాసేవారే. ఆయన భార్య పిల్లలకు చదివి వినిపించింది. ఇలాంటి పుస్తకాలు అరవై వేలు ఉండాలని ఆరేళ్ల కొడుకు అన్నాడట. అచ్చు వేయించమని ఆ ఇంటివారు గట్టిగా చెప్పారు.

1864 నవంబరులో మాస్టారు తన చేత్తో రాసి, తనే బొమ్మలు వేసిన పుస్తకాన్ని ఆలిస్‌కు ఇచ్చారు. 1865లో లూయిస్ కారొల్ అనే పేరుతో అచ్చు వేయించారు. అచ్చు పుస్తకానికి బొమ్మలు వేసిన టెనియల్‌కు ముద్రణ నచ్చలేదు. దాంతో ఆ ప్రతులు వెనక్కి తీసుకుని మళ్లీ వేయించారు.

ఆలిస్ ఆ చేతిరాత పుస్తకాన్ని ముసలితనం దాకా దాచుకుంది. భర్త పోయాక, 1928లో, డబ్బు అవసరమై వేలానికి పెట్టింది. 15,400 పౌండ్లు పలికింది. చేతులు మారి మారి ఇప్పుడది లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.