స్టీరాయిడు మాత్ర వాడేవారికి నడుము నొప్పి వస్తే



పెద్దతిప్పసముద్రం, బి.కొత్తకోట, ములకలచెరువు వైపు నడుము నొప్పి ఎరుగని సేద్యగాడు అరుదు. వేరుశనగ పెరికినా, టమాటా పెట్టెలు ఎత్తినా భారమంతా నడుము మీదనే. అందుకే నొప్పి వస్తే "కష్టం చేసిన ఒళ్ళు, నాలుగు రోజుల్లో అదే పోతుందిలే" అంటాము. చాలామందికి ఆ మాట నిజమే. కాని కీళ్ళవాతానికో, ఉబ్బసానికో, మూత్రపిండాల జబ్బుకో నెలల తరబడి స్టీరాయిడు మాత్ర మింగుతున్నవారికి ఆ మాట చెల్లదు. వారి సంగతే ఈనాడు చెప్పుకుందాము.

ఈ మందు చెడ్డదని ముందే అనుకోవద్దు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్కులో, కీళ్ళవాతంతో మంచానపడిన ఒక స్త్రీకి డాక్టరు హెంచ్ మొదటిసారి కార్టిజోను ఇచ్చినారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకు, మరి ఇద్దరికి నోబెల్ బహుమానం వచ్చింది. ప్రెడ్నిసొలోను మొదలైన మాత్రలు ఆ కోవలోనివే. ప్రాణం నిలబెట్టే మందే. అయితే ఎక్కువకాలం వాడితే ఎముక నుంచి పన్ను వసూలు చేస్తుంది.

ఎట్లాగంటారా? మన సీమలో ఊరి పేరు చివర సముద్రమంటే చెరువే. చెరువు కట్ట ఏటా వానకు కొంత కరుగుతుంది. మనం మళ్ళీ గంపలతో మట్టి వేస్తాము. ఎముక కూడా అంతే. పాత ఎముక కొంత కరుగుతూ ఉంటుంది, కొత్తది పడుతూ ఉంటుంది. స్టీరాయిడు కొత్త మట్టి వేసే కూలీలను తగ్గిస్తుంది. తిండిలోని కాల్షియం ఒంటికి పట్టనీయదు, మూత్రంలో ఎక్కువగా పోనిస్తుంది. తొడల కండ, వీపు కండ కూడా సడలుతాయి. ఈ నష్టం మొదటి ఆరు నెలల్లోనే జోరుగా ఉంటుంది. వెన్నుపూసల లోపలి ఎముక తేనెపట్టు మాదిరిది గనుక దెబ్బ ముందు అక్కడే. అట్టి పూస, బిందె ఎత్తినప్పుడో గట్టిగా దగ్గినప్పుడో నొక్కుకొని విరిగిపోవచ్చు.

ఇంకొక చిక్కు ఉన్నది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ రోగులకు పెద్ద శానిటోరియం నడిచింది. క్షయ ఊపిరితిత్తులకే కాదు, వెన్నెముకకూ వస్తుంది. ఒంట్లో నిద్రపోయే క్షయ క్రిములను స్టీరాయిడు లేపగలదు. పైగా జ్వరాన్ని, నొప్పిని అణచి ఉంచుతుంది గనుక జబ్బు ముదిరేదాకా తెలియకపోవచ్చు.

ఇక చేయవలసినవి.

మొదటిది: నొప్పి వచ్చిందని మాత్రను మీకు మీరే ఆపవద్దు. మన మూత్రపిండాల పైనున్న గ్రంథులు ఇటువంటి పదార్థాన్నే రోజూ తయారుచేస్తాయి. కాలువ నీళ్ళు వస్తున్నాయని సొంత బావి పూడిక తీయడం మానినట్లు, బయటినుంచి మాత్ర వస్తూంటే ఆ గ్రంథులు పని మానుకుంటాయి. ఉన్నట్టుండి మాత్ర ఆపితే వాంతులు, సొమ్మసిల్లడం, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయం. తగ్గించవలెనంటే డాక్టరే మెల్లమెల్లగా తగ్గించాలి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఆనాడే ఆసుపత్రికి పోండి.

రెండవది: ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత నడుము తొక్కించుకోవడం మన పల్లెల్లో వాడుక. గుల్లబారిన పూస మీద కాలు పడితే విరగవచ్చు. తొక్కించడం, విరిపించడం రెండూ వద్దు.

మూడవది: అంగట్లో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకోవద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి స్టీరాయిడుతో కలిస్తే కడుపులో పుండుపడి రక్తం పోవచ్చు. పారాసిటమాలు ఎంత, ఎన్నాళ్ళు వాడవచ్చునో డాక్టరును అడగండి. పేరులేని పొట్లాల "వాతం పొడి"లో స్టీరాయిడే కలిపి ఉండవచ్చు. వాడుతూంటే దాచకుండా చెప్పండి.

నాలుగవది: మంచం పట్టవద్దు. నొప్పి మరీ ఎక్కువైతే ఒకటి రెండు రోజులు చాలు, తరువాత మెల్లగా నడవండి. లేచేటప్పుడు పక్కకు తిరిగి చేతుల ఆనిక మీద లేవండి. బరువు ఎత్తకపోవడం మేలు. తప్పనప్పుడు పెట్టె సగమే నింపి, మోకాళ్ళు వంచి, ఒంటికి దగ్గరగా పట్టి ఎత్తండి. కలుపు తీసేటప్పుడు నడుము వంచక చిన్న పీట వేసుకోండి. గతుకుల దారిలో బండి వెనుక కూర్చుని పోవద్దు.

ఐదవది తిండి. రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. మన సంకటి ముద్ద చిన్నది కాదన్నమాట! పాలు, మజ్జిగ, మునగాకు చేర్చండి. అయితే స్టీరాయిడు చక్కెర జబ్బును, రక్తపోటును పెంచుతుంది గనుక ముద్ద మితంగా, ఊరగాయ తక్కువగా తినండి. బీడీ, సారా మానండి. తిండి ఒక్కటే చాలదు. విటమిన్ డి, ఎముక బలానికి మందు అవసరమా అని డాక్టరును అడగండి. వారానికొకసారి పరగడుపున మింగే మాత్ర ఇస్తే, గ్లాసు నిండా నీళ్ళతో మింగి అరగంట పడుకోకుండా ఉండండి.

కార్యకర్తలకు ఒక మనవి. నడుము నొప్పి అన్నవారిని నాలుగు ప్రశ్నలు అడగండి. స్టీరాయిడు మూడు నెలలు దాటినదా? నొప్పి ఉన్నట్టుండి వచ్చినదా, లేక మనిషి పొట్టి అయినట్లున్నదా? జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నవా? గజ్జల్లో నొప్పి, కుంటు ఉన్నదా? ఒక్కదానికి అవునన్నా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించాలి. వెన్నుకు ఎక్స్‌రే, ఎముక సాంద్రత పరీక్ష, క్షయ పరీక్ష వారు చూసుకుంటారు.

కాళ్ళు బలం తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, మూత్రం బిగించినా మాత్రం తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేసి ఆ రాత్రే మదనపల్లెకో తిరుపతికో చేర్చండి. ఒక్క రోజు ఆలస్యమైతే ఆ కాళ్ళు మళ్ళీ పొలంలో నిలవకపోవచ్చు.

చివరగా ఒక్క మాట గుర్తుంచుకోండి. నొప్పి వచ్చిందని మాత్ర మానవద్దు. మాత్ర మింగుతున్నాము కదా అని నొప్పిని అశ్రద్ధ చేయవద్దు. రెండు సంగతులూ ఒకే డాక్టరు చెవిన వేయండి.