వెబ్‌సైటునకు ఫైలు చేరు విధము

పాఠశాల వార్షికోత్సవమున తీసిన ఛాయాచిత్రమును ఉపాధ్యాయుడు తన కంప్యూటరునుండి పాఠశాల వెబ్‌సైటునకు పంపును. ఒక మీట నొక్కుటతో ఆయన పని ముగియును. కొన్ని క్షణములకు చిత్రము తెరపై కనబడును. ఈలోపల జరుగు పనులు అనేకము. వానిని ఎరిగినవారికి, పంపిన ఫైలు చేరకపోవుట, తీసివేసితిమనుకొన్న ఫైలు ఇంకను కనబడుట మున్నగు చిక్కులకు కారణము తేలికగా బోధపడును.

వెబ్‌సైటులోని పుటలను వ్రాయుటకును, చిత్రములను చేర్చుటకును ప్రత్యేక నైపుణ్యము అక్కరలేకుండ చేసిన కార్యక్రమములకు విషయ నిర్వహణ వ్యవస్థలని పేరు. వీనిలో మిక్కిలి వ్యాప్తి చెందినది వర్డ్‌ప్రెస్. దీనిని 2003లో మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారు ప్రారంభించిరి. ఉదాహరణకు దీనినే గైకొనవచ్చును.

వెబ్ పుటనుండి ఫైలును పంపు పద్ధతిని 1995లో నెబెల్, మాసింటర్ అను ఇరువురు ప్రతిపాదించిరి. ఈ పద్ధతిలో బ్రౌజరు మొదట ఒక చిన్న చీటీ వ్రాయును. ఫైలు పేరు, దాని రకము అందులో నుండును. చీటీ వెనుక ఫైలులోని బైటులన్నియు ఉన్నవి ఉన్నట్లుగా వచ్చును. ఫైలు ఎచట ముగిసినదో సర్వరునకు తెలియవలెను గదా! అందులకై ముందును వెనుకను ఒక హద్దు ఏర్పరుపబడును. ఫైలు నడుమ తటస్థింపని విధముగా బ్రౌజరు కల్పించు అక్షరముల వరుసయే ఆ హద్దు. పొలముల నడుమ గట్టు ఎట్టిదో ఇదియు నట్టిదే.

ఇట్లు కట్టిన మూట ఒకే ముద్దగా ప్రయాణము చేయదు. సాధారణముగా ఒక్కొక్కటి 1,460 బైటులకు మించని తునకలుగా విడిపోవును. 40 లక్షల బైటుల ఛాయాచిత్రము సుమారు 2,740 తునకలగును. దారిలో ఒకటి తప్పిపోయినచో అది మాత్రమే మరల పంపబడును. వరుస తప్పి చేరినను, వానిపై గల సంఖ్యలనుబట్టి సర్వరు సరిచేసికొనును. కాలమును లెక్కించుటలో విద్యార్థులు తరచుగా తప్పటడుగు వేయు చోటొకటి కలదు. ఫైలు పరిమాణమును బైటులలోను, పంపు వేగమును బిట్లలోను చెప్పుట వాడుక. బైటునకు 8 బిట్లు. కావున సెకనుకు 20 లక్షల బిట్లు పంపు మార్గమున ఈ చిత్రము 2 సెకనులలో కాక 16 సెకనులలో చేరును.

చేరిన ఫైలు సర్వరులో మొదట తాత్కాలికమైన పేరుతో ఒక మూల నుండును. వర్డ్‌ప్రెస్ కార్యక్రమము వ్రాయబడిన భాష పీహెచ్‌పీ. దీని నియమములను ప్రత్యేకముగా మార్చనిచో 2 మెగాబైటులకు మించిన ఫైలును అది అంగీకరింపదు. ఫోనుతో తీసిన చిత్రము ఈ మితిని సులభముగా దాటును. అప్పుడు మరల మరల మీట నొక్కి ప్రయోజనము లేదు. చిత్రమును కుదింపవలెను, లేదా సర్వరును నిర్వహించువారు మితిని పెంచవలెను.

తరువాతిది పరీక్ష. గోనెసంచిపై సన్నబియ్యమని వ్రాసియున్నంత మాత్రమున తెలివిగల వర్తకుడు నమ్మడు. చేయిపెట్టి గుప్పెడు తీసి చూచును. ఫైలు వెంట వచ్చిన చీటీయు పంపినవాడు వ్రాసినదే. పేరు చివర జేపీజీ అని యుండుట సంచిపై వ్రాత వంటిది. లోపలి బైటులను చూచినచో కొంత నిజము తెలియును. జేపెగ్ చిత్రము 255, 216, 255 అను బైటులతో ఆరంభమగును. పీఎన్‌జీ చిత్రమునకు మొదటి నాలుగును 137, 80, 78, 71. పీడీఎఫ్ పత్రమునకు 37, 80, 68, 70. వీనిలో చివరి మూడును పి, డి, ఎఫ్ అను ఆంగ్లాక్షరముల సంకేతములే. ఐతే మోసగాడు ఈ బైటులను కూడ కల్పింపగలడు. అందుచేత అనుమతింపబడిన రకముల పట్టికయు, ఫైళ్ల గదిలో ఏ కార్యక్రమమును నడువరాదను సర్వరు నియమమును కూడ కావలసియున్నవి.

ఇంత జాగ్రత్త ఏల? చిత్రము చూడబడునది, పీహెచ్‌పీ ఫైలు నడుపబడునది. దుష్టుడు వ్రాసిన కార్యక్రమము ఫైళ్ల గదిలో చేరినచో, దాని చిరునామాను బ్రౌజరులో వ్రాసినంతనే సర్వరు దానిని నడుపవచ్చును. అటుపిమ్మట సైటు వాని వశమగును. 2020 సెప్టెంబరులో బయటపడిన లోపము దీనికి నిదర్శనము. ఫైల్ మేనేజర్ అను ఉపాంగము అప్పటికి 7 లక్షలకు పైగా వర్డ్‌ప్రెస్ సైటులలో ఉండెను. అందులోని ఒక నమూనా ఫైలు పేరు చివరి భాగమును మార్చి, పీహెచ్‌పీ అని ముగియునట్లు చేసియుండిరి. అంతవరకు నడువని నమూనా నడుచునదయ్యెను. లోనికి ప్రవేశించు అధికారము లేనివారు సైతము దాని ద్వారా తమ కార్యక్రమములను సర్వరున కెక్కింపగలిగిరి.

తెలుగు పేర్లకు వేరొక విశేషము కలదు. ‘తెలుగు’ అను మాటలో యూనికోడ్ లెక్కచొప్పున 6 సంకేతములు కలవు. ఒక్కొక్కటి 3 బైటులు, వెరసి 18. వెబ్ చిరునామాలో ఒక్కొక్క బైటు 3 గుర్తులుగా మారును. ఆ చిన్నమాటయే 54 గుర్తులగును! తెలుగు పేరుగల ఫైలు చిరునామా అంత పొడవుగా కనబడుటకు కారణ మిదియే. ఇది లోపము కాదు.

పరీక్షలో నెగ్గిన ఫైలు ఇక రెండు చోట్ల నమోదగును. సరకు గోదాములోను, పద్దు పుస్తకములోను ఉన్నట్లుగా, ఫైలు సంవత్సరము, నెల చొప్పున ఏర్పడిన గదిలో చేరును. దాని పేరు, తేదీ, పంపినవారి వివరము, చిరునామా దత్తాంశ నిధిలో చేరును. చిత్రమైనచో చిన్న ప్రతులు కూడ తయారగును. అదే పేరుతో మరియొక ఫైలు వచ్చినచో వర్డ్‌ప్రెస్ పాతదానిని చెరుపదు. క్రొత్తదాని పేరుచివర 1 చేర్చును. అందుచేత ఉపాధ్యాయుడు పరీక్షల కాలపట్టికను దిద్ది మరల పంపినను, పాత చిరునామాను దాచుకొన్న తల్లిదండ్రులకు తప్పుల పట్టికయే కనబడుచుండును.

ప్రశ్నపత్రము విషయమున ఈ భేదము మరింత ముఖ్యము. పుటను ప్రకటింపక చిత్తుప్రతిగా నుంచినను, దానికి చేర్చిన ఫైలు గోదాములో బహిరంగముగానే యుండును. చిరునామా తెలిసినవారు దానిని తెరువగలరు. సంవత్సరము, నెల, పేరు అను వరుస తెలిసిన చురుకైన విద్యార్థి ఊహింపనుగలడు. పుటనుండి లంకెను తీసివేసినను ఫైలు చెక్కుచెదరదు. వ్యవస్థలోని ఫైళ్ల జాబితానుండి శాశ్వతముగా తొలగించినప్పుడే పద్దును, సరకును రెండును సర్వరునుండి పోవును. అంతకుముందే దింపుకొన్నవారి కంప్యూటరులలోని ప్రతులు అట్లే యుండును.