కాపురాలు చెడితే తప్పు సీరియల్‌దేనా?

సీరియళ్లు కాపురాలను పాడుచేస్తున్నాయన్న మాట తెలుగిళ్లకు కొత్త కాదు. అందులో నిజమెంతో తేల్చడం మాత్రం తేలిక కాదు.

ఈ చర్చకు ఒక ప్రసిద్ధ ఉదాహరణ స్వీడన్‌లో ఉంది. 1973లో ఇంగ్‌మార్ బెర్గ్‌మన్ తీసిన 'సీన్స్ ఫ్రమ్ ఎ మ్యారేజ్' అక్కడి టీవీలో ఆరు భాగాలుగా ప్రసారమైంది. భార్య మరియాన్ న్యాయవాది, భర్త యోహాన్ అధ్యాపకుడు. ఇద్దరికీ మంచి ఉద్యోగాలు, పైకి చక్కని సంసారం. అది క్రమంగా బీటలు వారుతుంది. 1973లో సుమారు 16 వేలున్న స్వీడన్ విడాకులు 1974లో సుమారు 27 వేలకు చేరాయి. కారణం ఆ నాటకమేనని చాలామంది అన్నారు.

అయితే 1974 జనవరి 1న అక్కడ కొత్త విడాకుల చట్టం అమల్లోకి వచ్చింది. కారణం చూపాల్సిన అవసరం పోయింది. పిల్లలు చిన్నవారైనా, భాగస్వామి ఒప్పుకోకపోయినా ఆరు నెలల గడువు చాలు. అంతకుముందు నుంచి ఎదురుచూస్తున్నవారు కూడా ఒక్కసారిగా ముందుకొచ్చారు. తర్వాతి ఏళ్లలో సంఖ్య తగ్గింది. రెండు సంఘటనలు ఒకదాని వెంట ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు.

మరి టీవీ ప్రభావమే లేదా?

ఉంది. బ్రెజిల్‌లో 1965లో మొదలైన గ్లోబో చానల్ ఒక్కో ప్రాంతానికి ఒక్కో ఏడాది చేరింది. ఆల్బర్టో చాంగ్, ఎలియానా లా ఫెరారా 1970, 1980, 1991 జనగణనలను పోల్చారు. సిగ్నల్ అందిన తర్వాత ఆ ప్రాంతాల్లో విడిపోయిన మహిళల వాటా పెరిగింది. మన దేశంలో కేబుల్ టీవీ చేరిన గ్రామాలపై రాబర్ట్ జెన్సన్, ఎమిలీ ఆస్టర్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో, భర్త కొట్టడం సబబేనన్న అభిప్రాయం మహిళల్లో తగ్గినట్టు తేలింది. అంటే టీవీ తెచ్చే మార్పు ప్రతిసారీ చెడే కానక్కర్లేదు.

ఖరగ్‌పూర్‌లో వెతికితే

పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. భర్త లోకో పైలట్, భార్య నర్సు అనుకుందాం. ఆయన రాత్రి బండి దిగి ఇల్లు చేరేసరికి ఆమె డ్యూటీకి బయలుదేరుతుంది. నిద్ర చాలదు, మాటలు తగ్గుతాయి, చిరాకు పెరుగుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరో ఒకరు టీవీ పెడతారు. పైకి చూస్తే సీరియళ్లు ఎక్కువ చూసే ఇంట్లోనే గొడవలు ఎక్కువ. అసలు మూలం డ్యూటీ వేళలు కావచ్చు. ఇలా రెండింటినీ వెనకనుంచి నడిపే మూడో కారణాన్ని పరిశోధకులు ముందుగా వేరు చేయాలి. అందుకు ఒకే రకం డ్యూటీలున్న ఇళ్లలో టీవీ ఎక్కువ చూసేవారిని, తక్కువ చూసేవారిని పోల్చాలి.

ఈ తేడా తెలియకపోతే నష్టం ఆ దంపతులకే. సీరియల్ ఆపేస్తారు, డ్యూటీ చార్టు మాత్రం అలాగే ఉంటుంది.