పరువు భయమే వాళ్ల పెట్టుబడి

పోయిన ఏడు శనగలు అమ్మిన కొత్తలో మా చిన్నాయన కొడుకు, నాకు వరసకు అన్న, రెండు దినాలు అన్నం ముట్టలేదు. మూడో దినం చేనిగట్టు మీద కూర్చోబెట్టి గట్టిగా అడిగితే మాట్లాడకుండా సెల్‌ఫోన్ నా చేతిలో పెట్టినాడు. ముక్కూమొహం తెలియని ఆడమనిషి పేరుతో వీడియో కాల్ వచ్చిందట. అరనిమిషం మాట్లాడినాడు. దాన్ని రికార్డు చేసి, అసభ్య దృశ్యం అతికించి, మా బంధువుల పేర్ల పట్టికతో సహా తిరిగి పంపినారు. పదివేలు అడిగితే కట్టినాడు. మరునాడు ఇరవైవేలు అడిగినారు.

నేను చదివేది భౌతికశాస్త్రం. చట్టం నాకు కొత్త. అయినా ఆ వారంలో తెలుసుకొన్నవి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు మిత్రులందరికీ పనికివస్తాయని వ్రాస్తున్నాను.

మొదటిది, డబ్బు కట్టరాదు. కట్టినవాడు మళ్లీ కడతాడని వాళ్ల లెక్క. జవాబు మానేయాలి, అయితే సిగ్గుతో ఏదీ చెరిపేయకూడదు. బెదిరింపులు, ఫోన్ నంబర్లు, ఖాతా పేరు, డబ్బు పోయిన తేదీ, సమయం, లావాదేవీ నంబరు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి దాచాలి. ఆ ఫోన్ అమ్మరాదు. నకలును కోర్టు ముందు పెట్టాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధృవపత్రం కావాలి. అసలు మన దగ్గరుంటే పని సులువు.

రెండవది, డబ్బు పోయివుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. దొంగ సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు గంటల్లో పారిపోతుంది. అది పారకముందే చెబితే బ్యాంకు నిలిపివేసే అవకాశం ఉంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

మూడవది పోలీసు స్టేషను. మేము మొదట పోయిన చోట "వాడెక్కడివాడో తెలియదు, మా పరిధి కాదు" అన్నారు. అప్పుడు తెలియక తిరిగి వచ్చినాము. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా చెప్పుకోవచ్చు; నమోదైన ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే జిల్లా ఎస్.పి.కి పోస్టులో వ్రాయవచ్చు, ఆపైన మేజిస్ట్రేటు ఉన్నాడు.

బెదిరించి డబ్బు గుంజితే న్యాయసంహిత 308వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఒకరి ఆంతరంగిక చిత్రాన్ని సమ్మతి లేకుండా తీసినా, పంపినా ఐ.టి. చట్టం 66-ఇ కింద మూడేళ్ల దాకా. ఇది ఆడ, మగ అందరికీ వర్తిస్తుంది. ఆడపిల్ల తానే ఫోటో తీయనిచ్చినా, దాన్ని ఇతరులకు పంపే హక్కు ఎవరికీ రాదని న్యాయసంహిత 77వ సెక్షన్ చెబుతుంది. ఇంట్లో తెలిస్తే చదువు మానిపిస్తారని నోరు మూసుకొనే చెల్లెళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

వకీలు ఖర్చుకు భయపడనక్కరలేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. ఫోన్ 15100. పిల్లలకైతే 1098 ఉంది.

ఇక చిత్రం బయటపడుతుందన్న భయం. దీనికి విజ్ఞానశాస్త్రం ఒక ఉపాయం చూపింది. 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే ఉచిత సేవ మన ఫోన్‌లోనే ఆ చిత్రానికి అంకెల ముద్ర తయారుచేస్తుంది. చిత్రం ఫోన్ దాటదు, ముద్ర మాత్రమే పోతుంది. వేలిముద్ర చూసి మనిషి మొహం గీయలేనట్లే, ఆ ముద్ర నుంచి చిత్రం తిరిగి రాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటివి ఆ ముద్రతో పోల్చి ఆపుతాయి. చిత్రాన్ని బాగా మార్చితే ముద్ర కలవకపోవచ్చు. చేరని సంస్థల దగ్గర పనిచేయదు. పద్దెనిమిదేళ్ల లోపు వారికి 'టేక్ ఇట్ డౌన్' ఉంది. ఇదిగాక, బాధితులు ఫిర్యాదు చేస్తే ఇట్లాంటి చిత్రాన్ని గంటల్లోనే తొలగించాలని 2021 ఐ.టి. నియమాలు సామాజిక మాధ్యమాలకు గడువు పెట్టినాయి.

సేద్యగాళ్ల ఇండ్లకు ఇంకో మాట. పెట్టుబడికి తక్కువై అప్పుల యాప్ పట్టుకొంటే అదీ ఇదే దారి. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో అట్లాంటి వేధింపులకు భార్యాభర్తలు ప్రాణాలు తీసుకొన్నారు. అప్పిచ్చే యాప్ మన ఫోన్‌లోని పేర్ల పట్టిక, ఫోటోలు ముట్టరాదని రిజర్వు బ్యాంకు అదే ఏడు ఆదేశించింది. అప్పు ఉండడం నేరం కాదు, అప్పు పేరుతో బొమ్మలు మార్చి పంపడం నేరం.

మా అన్న పదివేలు రాలేదు. వాళ్లు దొరకనూ లేదు. జవాబు మానేసినాక నాలుగు దినాలు ఫోన్లు మోగి ఆగిపోయినాయి. ఇద్దరు బంధువులకు వీడియో పోయింది. వాళ్లు ముందే విషయం తెలిసినవాళ్లు కాబట్టి చెరిపేసి ఊరుకొన్నారు. ముందే చెప్పమన్నది మా నాయన. విషయం విని ఆయన తిట్టలేదు. "పైరుకు పురుగు పడితే ఎవడైనా దాచిపెడతాడా? చూపిస్తేనే గదరా మందు!" అన్నాడు.

మిత్రులారా, మీ గదిలో ఎవరైనా రెండు దినాలు అన్నం మానేస్తే పక్కన కూర్చోండి. అడగండి. స్టేషనుకు తోడు పోండి.